చాసిస్‌ను ఆరనివ్వు, అల్లుడూ



నీ హెరాల్డు కారు ఫొటోలన్నీ చూశాను, మీ అత్తకీ చూపించాను. రెండు తలుపుల బండి, అసలు బానెట్, అసలు డాష్‌బోర్డు. ఈ రోజుల్లో దొరకడమే అదృష్టం. దాన్ని స్పోర్ట్స్ కారు తీరుగా తయారుచేసి కళింగపట్నం ఇంట్లో పెట్టుకుంటాననీ, సెలవు రోజుల్లో భీమిలి దాకా తోలుకుంటాననీ రాశావు. సంతోషం. ఆ సరదా నేను కాదనను.

నువ్వు పంపిన వాటిలో అడుగుభాగం ఫొటో ఒక్కటే ఉంది. ఈ ఉత్తరమంతా దాని గురించే. అడుగంతా కొత్తగా, నిగనిగలాడే నల్లటి కోటింగు. అమ్మినాయన “అండర్ కోటింగ్ కొట్టించేశాం, పదేళ్లు కిందికి చూసుకోనక్కర్లేదు” అన్నాడని రాశావు. నా బతుకంతా లారీల కింద గడిచింది. పాత బండి కింద కొత్త నలుపు కనబడితే నాకు నిద్ర పట్టదు బాబూ. దాని కింద ఏముందో తేలేదాకా రంగుకీ సీట్లకీ రూపాయి కూడా ఖర్చుపెట్టకు.

ముందు నీ బండి పుట్టుక తెలుసుకో. అప్పుడే దాని జబ్బు తెలుస్తుంది. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డును తెచ్చింది. గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోటీ. అప్పటికే చాలా కార్లకు విడిగా చాసిస్ పెట్టడం మానేశారు, బాడీయే చాసిస్ పని చేసేది. ట్రయంఫ్ వాళ్లకు బాడీలు కొట్టి ఇచ్చే ఫ్యాక్టరీని పోటీ కంపెనీ కొనేయడంతో, వాళ్లు ముక్కలు ముక్కలుగా బాడీ చేయించుకుని విడి చాసిస్ మీద బోల్టులతో బిగించే పద్ధతికి వెళ్లారు. ఆ చాసిస్ ఆధారంగానే 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పుట్టింది, తర్వాత జీటీ6 పుట్టింది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి హెరాల్డును ఇక్కడే తయారుచేశారు. అంబాసిడర్, ఫియట్, హెరాల్డు, అప్పట్లో ఈ మూడే మన రోడ్ల మీద కార్లంటే. మన వాళ్లకు నాలుగు తలుపులు కావాలని తర్వాత నాలుగు తలుపులవి చేశారు. నీది అంతకు ముందుది. కాబట్టి నువ్వు స్పోర్ట్స్ కారు అంటే నవ్వేవాళ్లు నవ్వనీ, దాని వెన్నెముక స్పిట్‌ఫైర్‌కి అక్క వరస.

ఇక ఆ వెన్నెముక కట్టుబడి చూడు. నడి మధ్యలో ముందు నుంచి వెనక్కి రెండు పెట్టె రెయిళ్లు. వాటి నుంచి రెండు పక్కలకీ చాచిన ఔట్‌రిగ్గర్లు. వాటి చివర్లను కలుపుతూ తలుపుల కింద సైడ్ రెయిళ్లు. వెనక డిక్కీని మోసేవి ఇంకో జత ఔట్‌రిగ్గర్లు. బాడీ అంతా ఈ చివర్ల మీద, మధ్యలో ప్యాడ్లు పెట్టి బోల్టులతో కూర్చుంటుంది. మధ్య రెయిళ్లకి ఇంజను ఆయిలు, గేరు ఆయిలు అంతో ఇంతో చిమ్ముతూనే ఉంటాయి గనక అవి బతికిపోతాయి. పోయేవి పక్కలవి. ముందు చక్రం విసిరే బురద సూటిగా వెళ్లి ఔట్‌రిగ్గర్ మీద పడుతుంది. ప్యాడ్ అంచున నీళ్లు నిలుస్తాయి. లోపల బోలు, రేకు పలచన, ఫ్యాక్టరీలో బయట పూసిన రంగు లోపలి మూలలకి చేరనే లేదు. బయట నుంచి చూస్తే గట్టిగా కనబడుతుంది. లోపల నుంచి తినేసుకుంటూ వస్తుంది.

వానకు తడవడం వల్ల ఇనుము పోదు, తడి వెళ్లలేకపోవడం వల్ల పోతుంది. ఈ సంగతి పట్టుకుంటే నేను చెప్పేదంతా నీకే తోస్తుంది. రోడ్డు మీద తడిసిన రేకు గాలికి గంటలో ఆరిపోతుంది. ప్యాడ్ కింద, పెట్టె రెయిలు మూలలో, రెండు రేకులు అతికిన సందులో చేరిన నీళ్లకు గాలి తగలదు. పైగా గాలి ఆడని చోటే ఎక్కువ తినేస్తుంది. బురద పెళ్ల కింద ఆక్సిజన్ తక్కువ, చుట్టూ ఎక్కువ. ఆ తేడాతోనే చిన్న బ్యాటరీలాంటిది తయారై పెళ్ల కింది ఇనుము కరిగిపోతుంది. నువ్వు ఇంజినీరింగ్ చదివినవాడివి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మన వైపు దీనికి తోడు ఉప్పు. శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు, రాష్ట్రంలో ఇంత తీరం ఇంకో జిల్లాకి లేదనేవారు పెద్దలు. విజయనగరానికి ఉన్నది భోగాపురం, పూసపాటిరేగ వైపు చిన్న ముక్క. అయినా చింతపల్లి, ముక్కాం వైపు ఇళ్ల కిటికీ ఊచలు చూస్తే గాలి సంగతి అర్థమైపోతుంది. సముద్రపు గాలిలో వచ్చే ఉప్పు వంటింటి ఉప్పు ఒక్కటే కాదు. సోడియం క్లోరైడు గాలిలో తేమ 75 శాతం దగ్గరికొస్తే గానీ నీరు కారదు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, అది 33 శాతం తేమ చాలు, గాలిలోంచి నీళ్లు లాగేసుకుంటుంది. మన తీరంలో అంత పొడి గాలి వీచే రోజు దాదాపు ఉండదు. అంటే రెయిలు లోపల చేరిన ఉప్పు వాన లేకపోయినా, బండి షెడ్డు దాటకపోయినా తడిగానే ఉంటుందన్నమాట. “నెల రోజులై బండి తియ్యలేదు, తుప్పెలా పట్టింది మావయ్యా” అని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబిదే.

నౌపడ ఉప్పు లోడు తోలిన లారీలు మా షెడ్డుకి వచ్చేవి. రాయి లోడు లారీకీ ఉప్పు లోడు లారీకీ తేడా చూడగానే తెలిసిపోయేది. రాయి బండికి కమాన్లు విరుగుతాయి, ఉప్పు బండికి చాసిస్ రెయిలుకీ క్రాస్ మెంబర్‌కీ మధ్య తుప్పు ఉబ్బి రివిట్లు ఊడతాయి. ఇనుము తుప్పయితే తన చోటుకి రెట్టింపు పైనే ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకి రెండు రేకులు విడిపోయి, సందు వెడల్పయి, ఇంకా నీళ్లు పడతాయి. ఆ సందులో ఉలి పెట్టి కొడితే పొరలు పొరలుగా ఊడొచ్చేది, అప్పడాల కట్ట విప్పినట్టు. ఇప్పుడు రొయ్యల బండ్లు హైవే మీద ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతున్నాయి. వాటి వెనకాల నీ బండి పెట్టకు, పక్కకి తప్పుకో.

ఇప్పుడు ఆ నల్ల కోటింగు మాట. బిటుమెన్‌దైనా రబ్బరుదైనా, కొత్త రేకు మీద, శుభ్రంగా కడిగి ఎండబెట్టి కొడితే మంచిదే. తుప్పు మీద, బురద పొడి మీద కొట్టినది మాత్రం ఇనుముని పట్టుకోదు, పైపైన తోలులా నిలబడుతుంది. ఎక్కడో ఒక రాయి తగిలి చిల్లు పడుతుంది. అందులోంచి వెళ్లిన నీళ్లు దాని కింద పాకుతాయి, బయటికి రాలేవు. కోటింగు లేని బండికన్నా ఇది తొందరగా పోతుంది. నువ్వు చెయ్యాల్సింది సులువే. బొటనవేలితో ఔట్‌రిగ్గర్ల అడుగున, అతుకుల అంచున గట్టిగా నొక్కు. లొట్టగా లోపలికి పోయిందో, నల్ల తోలు పొక్కులా లేచిందో, అక్కడ చాకుతో కోసి లాగేయి. కింద ఎర్రటి తడి పొడి రాలితే ఇంకేమీ ఆలోచించకు, మొత్తం గీకించెయ్యి. హీట్ గన్నూ గీకుడు పట్టీ చాలు. గ్యాస్ మంట పెట్టనివ్వకు, పెట్రోలు ట్యాంకు ఉన్న బండి అది.

బండిని పిట్ మీదకు ఎక్కించి చూడు. పిట్ లేకపోతే నాలుగు స్టాండ్లు వేయించు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరితే నా మీద ఒట్టే. చిన్న సుత్తితో ముందు నుంచి వెనక దాకా తడుతూ పో. బాగున్న రేకు ఖంగుమంటుంది, పోయినది డబడబమంటుంది. ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకో. స్క్రూడ్రైవరు మొన పెట్టి అదుము. దిగిపోతే దిగిపోనీ, అమ్మినాయన ముందు మొహమాటపడకు. తర్వాత అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి తలుపు కింద సిల్స్ మీద, చక్రాల తొట్ల అంచుల మీద జరుపు. అతుక్కోని చోట లప్పమో ఫైబరో ఉన్నట్టు. ఈ రోజుల్లో ఫోనుకి తగిలించే సన్నటి గొట్టం కెమెరాలు చవగ్గానే దొరుకుతున్నాయి, అది ఒకటి కొను. రెయిలు కన్నంలోంచి లోపలికి దూర్చి చూస్తే, మా కాలంలో కోసి చూస్తే గానీ తెలియనిది నీకు ఇంట్లో కూర్చుని కనబడుతుంది. గోధుమరంగు పొడి తుప్పు గోడకి అంటుకుని ఉంటే భయం లేదు. పొరలు రాలి అడుగున కుప్పపడి ఉంటే ఆ ముక్క మార్చాల్సిందే.

కన్నాల మాట వచ్చింది గనక ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అందరూ దాటిపోయేది ఇక్కడే. చాసిస్‌కీ సిల్స్‌కీ తలుపులకీ అడుగున చిన్న కన్నాలుంటాయి. అవి నీళ్లు పోవడానికి పెట్టినవి. అండర్ కోటింగ్ కొట్టే కుర్రాడు వాటిని మూసేస్తాడు, వాడి తప్పు కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు. లేకపోతే ఎర్రమట్టీ ఇసకా పట్టి మూసుకుపోతాయి. సైకిల్ చువ్వ ఒకటి చేతిలో ఉంచుకుని ఒక్కో కన్నాన్నీ పొడుస్తూ పో. మట్టి రాలాక మగ్గుతో నీళ్లు పైనుంచి పోసి చూడు, కిందనుంచి ధారగా రావాలి. చుక్కచుక్కగా వస్తే లోపల ఇంకా ఉంది. కన్నం లేని మూలలో తడి చేరుతోందనిపిస్తే, అతి తక్కువ ఎత్తున ఉన్న చోట చిన్నది కొట్టించుకోవచ్చు. వంపుల మీదా వెల్డింగ్ అతుకుల మీదా మాత్రం కొట్టించకు.

పెద్ద పెద్ద కంపెనీలే ఈ తడి దగ్గర దెబ్బతిన్నాయి. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ పైన ఫైబరు, లోపల ఉక్కు వెన్నెముక. దాని హెడ్‌లైట్లు పైకి లేవడానికి కావలసిన వ్యాక్యూమ్‌ను ముందు క్రాస్ మెంబరులోనే నిలవచేసేవారు. ఆ చాసిస్ ముందు స్తంభాల అడుగున డ్రెయిన్ కన్నాలు మూసుకుపోతే నీళ్లు నిలిచి ఉక్కు కరిగేది. క్రాస్ మెంబరుకి చిల్లి పడితే వ్యాక్యూమ్ నిలవదు, లైట్లు మొరాయిస్తాయి. లైట్లు పాడయ్యాయని బాగుచేయించబోతే చాసిస్ పోయిందని తెలిసేది. ఇంగ్లండులో లాన్సియా వాళ్లు ఇంజను మోసే సబ్‌ఫ్రేమ్ దగ్గర తుప్పు కారణంగా 1980లో బీటా కార్లను జనం దగ్గర నుంచి వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది. పోర్షె వాళ్లు 1970ల మధ్యలోనే 911కి జింకు పూసిన ఉక్కు వాడడం మొదలుపెట్టారు. అందుకే ఆ కాలపు పోర్షెలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

జింకు అనగానే నీకు ఆశ పుడుతుంది, నాకు తెలుసు. కరెంటు టవర్ల ఉక్కుకి చేసినట్టు, బాడీ మొత్తం విప్పేసి వట్టి చాసిస్‌ను కరిగిన జింకులో ముంచవచ్చు. విదేశాల్లో హెరాల్డు, స్పిట్‌ఫైర్ వాళ్లు చేయిస్తున్నారు కూడా. కానీ ఆ జింకు 450 డిగ్రీల వేడిలో ఉంటుంది. మూసుకున్న పెట్టెలో తడి ఉండిపోతే ఆవిరై పేలుతుంది, పనివాళ్ల ప్రాణం మీదికొస్తుంది. గాలి పోయే కన్నాలు, జింకు దిగే కన్నాలు తెలిసినవాడే పెట్టాలి. పలచటి రేకు వేడికి వంకర తిరిగే ప్రమాదం కూడా ఉంది. నీ చాసిస్ అంతా విప్పాల్సిన స్థితిలో ఉంటేనే ఆ దారి ఆలోచించు.

ఔట్‌రిగ్గర్లు పోయాయని తేలితే ఏం చెయ్యాలి? పాత రేకు మీద కొత్త రేకు ముక్క పెట్టి అతికించనివ్వకు. మేస్త్రీలు చాలామంది అదే చేస్తారు, పని తొందరగా అయిపోతుంది. ఆ రెండు రేకుల మధ్య సందు తడికి కొత్త ఇల్లు. మంచి ఇనుము తగిలేదాకా కోసి, మొత్తం ముక్క మార్చాలి. హెరాల్డు ఔట్‌రిగ్గర్లు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తగా కొట్టి అమ్ముతున్నారు, తెప్పించుకోవచ్చు. కొయ్యడానికి ముందు బాడీకి అడ్డకడ్డీలు వేసి బిగించాలి, రెండు పక్కలూ ఒక్కసారి కొయ్యకూడదు. లేకపోతే బాడీ కుంగి, తలుపులు జన్మలో సరిగ్గా పడవు. తలుపు మూసే సందు కింద ఎక్కువా పైన తక్కువా ఉంటే చాసిస్ ఇప్పటికే వాలిందని అర్థం. పనికి సీఓటూ వెల్డింగ్ ఉన్న షెడ్డునే చూసుకో. బ్యాటరీ వైరు తీయించు, పెట్రోలు ట్యాంకు దింపించు. అతుకు వేశాక ఆ వేడికి లోపల గోడకి ఉన్న రంగంతా మాడిపోతుంది, అందుకని లోపలి పూత వెల్డింగయ్యాకే.

ఒక చట్టం మాట కూడా చెవిన వేసుకో. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవడానికి 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. చాసిస్‌నీ బాడీనీ ఇంజన్నీ పెద్దగా మార్చేసిన బండికి ఆ గుర్తింపు దక్కదు. ఏ మేస్త్రీ అయినా “ఆ పాత చాసిస్ ఎందుకు సార్, చదరపు పైపుతో కొత్తది కట్టేస్తా” అంటే ఒప్పుకోకు. అసలు ఆకారంలో బాగుచేయించుకున్నదే నీకు గౌరవం, బండికి విలువ. వింటేజ్ బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదని కూడా అందులో ఉంది. ఆ సంగతి ముందే చూసుకుని నిర్ణయం తీసుకో.

పూతల క్రమం చెబుతాను. తుప్పు గీకాక మొట్టమొదటి పని రంగు కాదు, కడగడం. తుప్పు గుంటల్లో ఉప్పు దాక్కుని ఉంటుంది, వైరు బ్రష్షుకి అది పోదు. మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, మళ్లీ కడిగి, మళ్లీ ఎండబెట్టాలి. ఈ పని విసుగు, అందుకే ఎవరూ చెయ్యరు. ఉప్పు మీద ఎంత ఖరీదైన పెయింటు కొట్టినా పొక్కులే లేస్తాయి. కడిగాక సన్నగా, గట్టిగా పట్టి ఉన్న తుప్పు మీద మాత్రం ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టరు పనిచేస్తుంది, పెళ్లల మీద దండగ. ఆ పైన ఎపాక్సీ ప్రైమరు, దాని మీద గట్టి పెయింటు. మనవాళ్లు రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేస్తారు. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే అయితే తడిని ఆపలేదు, పైన ఇంకో పూత పడాల్సిందే. గేట్లకు కొట్టిన ఎరుపు ఏడాది తిరిగేసరికి ఏమవుతుందో మన ఊళ్లోనే చూస్తున్నావు కదా.

రెయిళ్ల లోపలికి మైనం పూత, క్యావిటీ వ్యాక్స్ అంటారు, సన్నటి పొడుగు గొట్టంతో కొట్టించు. గొట్టం చివర దాకా దూర్చి, కొడుతూ వెనక్కి లాక్కోవాలి. కన్నాల్లోంచి కింద కారితే లోపలంతా తడిసినట్టు. కారడం ఆగాక సైకిల్ చువ్వతో కన్నాలు మళ్లీ తెరువు. మైనం ఎప్పుడూ ఎండిన పెట్టెలోకే వెళ్లాలి. అందుకని ఈ పనంతా శివరాత్రి దాటాక ఎండ ముదిరే రోజుల్లో పెట్టుకో. కళింగపట్నంలో కాకుండా విజయనగరం వైపు, సముద్రానికి దూరంగా ఉన్న షెడ్డులో చేయించు. పుష్యమాసం పొగమంచులో పెట్టుకోవద్దు. పగలు వేడెక్కిన రెయిలు రాత్రి చల్లబడేటప్పుడు తడి గాలిని లోపలికి పీల్చుకుంటుంది, తెల్లారేసరికి లోపలి గోడలు చెమర్చి ఉంటాయి.

పాత లారీ వాళ్లు కాలిన ఇంజను ఆయిలూ డీజిలూ కలిపి కింద కొట్టించేవారు. అది తుప్పుని ఆపేది, నిజమే. అయితే కాలిన ఆయిలులో ఆమ్లాలుంటాయి, కారి బ్రేకుల మీద పడితే ప్రాణం తీస్తుంది, రబ్బరు బుష్షులు ఉబ్బుతాయి, నేల పాడవుతుంది. నీకు అది వద్దు. ఏ పూతైనా సరే బ్రేకుల మీదా సైలెన్సరు మీదా పడకుండా కప్పించి కొట్టించు.

బండి పెట్టే చోటు. కళింగపట్నం ఇల్లు లైట్‌హౌస్ వైపుంది, అలల హోరు ఇంట్లోకి వినబడుతుంది. అలల తుంపర్ల ఉప్పు మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఎక్కువగా దిగిపోతుంది, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. కుదిరితే బండిని శ్రీకాకుళంలో మా ఇంట్లో ఉంచు, కళింగపట్నం వెళ్లేటప్పుడు తీసుకుపో. అక్కడే ఉంచాలనుకుంటే మట్టి నేల మీదా గడ్డి మీదా పెట్టకు, నేల చెమ్మ రాత్రంతా పైకి లేస్తుంది. సిమెంటు నేల, పైకప్పు, రెండు వైపులా గాలి ఆడే షెడ్డు చాలు. మూసేసిన గదికన్నా అదే మేలు. బండి మీద ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పకు బాబూ, నీ చేతులారా ఆవిరి పెట్టినట్టే. కప్పాలంటే గాలి ఆడే నూలు గుడ్డ కప్పు.

సముద్రపు ఒడ్డున తిరిగొచ్చిన రోజు కింద కడగాలి. బోరు నీళ్లతో మాత్రం కాదు. తీరం ఊళ్లలో చాలా బోర్లలో నీళ్లు ఉప్పగానే ఉంటాయి. నాలిక మీద చుక్క వేసుకుని చూడు. సబ్బు నురగ రాకపోయినా, ఆరిన చోట తెల్లటి చారలు పడినా అవి పనికిరావు. వంశధార నీళ్లొచ్చే కుళాయో, పట్టిన వాన నీళ్లో వాడు. వాటర్ సర్వీసింగ్ వాళ్ల గన్ను అతుకుల్లోకి సూటిగా కొడితే నీళ్లు లోపలికి దూరతాయి, బయటికి రావు. ప్రెషరు తక్కువ, నీళ్లు ఎక్కువ. పొద్దున్నే కడుగు, తర్వాత ఓ పది కిలోమీటర్లు తోలి, ఎండలో పెట్టు. సాయంత్రం కడిగి కప్పేసి పడుకోవడంకన్నా అసలు కడగకపోవడమే నయం.

తుపాను రోజులు మన వైపు ఎప్పుడొస్తాయో నీకు చెప్పాలా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. విజయనగరంలో పైడితల్లి సిరిమాను సంబరం దగ్గర పడిందంటే బండిని ఎత్తు నేలకి చేర్చెయ్యి. ఒకవేళ సముద్రపు నీళ్లు బండిలోకి ఎక్కితే స్టార్ట్ చెయ్యకు. బ్యాటరీ వైరు తీసి, మర్నాటికల్లా మంచినీళ్లతో లోపలా బయటా రెయిళ్లలోనూ కడిగించు. కార్పెట్లూ సీట్ల స్పాంజీలూ పీకి ఎండలో వెయ్యి. వరద నీళ్లైతే కొంచెం టైముంటుంది, ఉప్పునీటికి లేదు.

వైజాగ్‌లో నీ స్నేహితుడి కొత్త స్పోర్ట్స్ కారు గురించి కూడా అడిగావు. అతనికి ఇది చెప్పు. కొత్త వాటి కింద గాలి సాఫీగా పోవడానికి ప్లాస్టిక్ పలకలు బిగిస్తారు. వాటి పైన ఇసకా ఆకులూ తడిగా పేరుకుంటాయి. వానాకాలం అయ్యాక ఒకసారి విప్పించి దులిపించుకోమను. పైకప్పు తెరిచే బండైతే టాపు మూలల్లో నీళ్లు దిగే గొట్టాలుంటాయి, అవి మూసుకుంటే నీళ్లు సీటు కిందికే వస్తాయి. ఏసీ నీళ్ల గొట్టం మూసుకున్నా అంతే, రబ్బరు మ్యాటు కింద స్పాంజీ నెలల తరబడి నానుతుంది. మ్యాటెత్తి చెయ్యి పెట్టి చూడమను. అల్యూమినియం చాసిస్ కదా మాకు తుప్పేమిటంటాడేమో. ఉప్పు తడిలో అల్యూమినియం ఉక్కు బోల్టుని తాకిన చోట అల్యూమినియమే కరుగుతుంది, తెల్లటి పొడి రాలుతుంది. ఎర్రగా కనబడదు గనక ఎవరూ పట్టించుకోరు. బోల్టులు మార్చాల్సి వస్తే కంపెనీ ఇచ్చిన వాషర్లూ పూతలూ అలాగే ఉంచమను.

ఇక నువ్వు ఈ వారం చెయ్యాల్సింది. ఆదివారం బండి మా ఇంటికి తీసుకురా, హైవే మీద నెమ్మదిగా. సుత్తీ సుద్దముక్కా నా దగ్గర ఉన్నాయి, ఫోను కెమెరా గొట్టం నువ్వు తెచ్చుకో. పిట్ ఉన్న షెడ్డు మేస్త్రీతో నేను మాట్లాడి ఉంచుతాను. అన్ని ఔట్‌రిగ్గర్లూ సైడ్ రెయిళ్లూ తట్టి చూశాకే ఏవి తెప్పించాలో రాసుకుందాం. అమ్మినాయనకి ఇంకా ఇవ్వాల్సిన బాకీ ఏదైనా ఉంటే అప్పటిదాకా ఆపు. పాత బట్టలు వేసుకురా, మీ అత్త చేపల పులుసు పెడుతుంది.

మీ మావయ్య
శ్రీకాకుళం